సగం మాత్ర

ఆ రోజు మార్చి పదకొండు. తిన్నది రెండు అరటిపళ్ళు, తాగింది గ్లాసుడు పాలు. ఈ ముక్క ఆయన ఎంతమందికి చెప్పాడో, చెప్పీ చెప్పీ దానికి బడిపిల్లలు ఒప్పజెప్పే ఎక్కం నడక వచ్చేసింది. ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా నాలుక వెనకాల అదే తిరుగుతోంది, మార్చి పదకొండు, రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. ఎదురుగా గోడ గడియారం. పక్కన స్టీలు ట్రేలో తెల్లగుడ్డ మీద ఒక ఇంజెక్షను, ఎందుకైనా మంచిదని. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, రెండు ముంజేతులూ కుర్చీ చేతుల మీద వెల్లకిలా పెట్టి, అమ్మకానికి పెట్టిన సరుకులా వాటిని తానే చూసుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడే మింగిన గొట్టం మాత్ర దిగిపోయిందని తెలుసు, అయినా గొంతులోనే ఉన్నట్టుంది. పొద్దున ఒకటి మింగించారు, దానికి ఏమీ కాలేదు. ఇది రెండోది, గంటసేపు కదలొద్దన్నారు. రెంటిలో ఒకటి ఉత్త పిండి, ఒకటి అసలు మందు, ఏది ఏదో చెప్పను, చెబితే ఒంటికంటే ముందు మనసు గోక్కుంటుంది అంది చిన్న డాక్టరమ్మ. చేతి మీద దద్దుర్లు లేస్తే ఇన్నేళ్ళూ తనని పీడించింది తిండి కాదని, అలర్జీకని వేసుకున్న మాత్రే అని తేలుతుంది. లేవకపోతే ఏమీ తేలదు. తేలితే రాత్రి తలుపు గడియ పెట్టుకుని పడుకోవచ్చు. తేలితే, ఆ మాత్ర ఇన్నేళ్ళూ అందించిన చెయ్యి ఎవరిదో ఆ సంగతి కూడా తేలినట్టే. రెంటిలో ఏది కావాలో ఆయనకి తెలియడం లేదు.

సిస్టరు వచ్చి మణికట్టు పట్టుకుంది. పట్టుకునే ముందు తన అరచేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకుని వెచ్చ చేసుకుంది. పొద్దున కూడా అలాగే చేసింది. ఎవరూ చెప్పి చేయించే పని కాదది, దానికి జీతం రాదు, అయినా చేస్తోంది. ఈమెకి ఇంట్లో చంటిబిడ్డ ఉండి ఉండాలి, లేదా మంచం పట్టిన తల్లి. మనిషి ఒంటిని తాకి తాకి అలవాటైనవాళ్ళకే వస్తుంది ఆ ఇంగితం. ఆయన్ని ఎవరైనా తాకి చాలా కాలమైంది. బస్సులో భుజాలు తగులుతాయి, మంగలి తల పట్టుకుని అటూ ఇటూ వంచుతాడు, అంతే. నాడి చూస్తున్నంతసేపూ ఆమె గడియారం వంక చూసింది, ఆయన ఆమె వేళ్ళ వంక చూశాడు. బావుంది బాబాయిగారూ, గుర్రంలా ఉంది అని చెయ్యి వదిలేసింది. వదిలిన చోట వెచ్చదనం ఇంకాసేపు ఉండి, నెమ్మదిగా గదిలోకి ఆరిపోయింది.

ఆమె వేళ్ళు మాత్రం అలా ఉండేవి కావు. భార్యవి. సన్నగా, చివర్లు కాస్త పైకి తిరిగి, ఎప్పుడూ చల్లగా ఉండేవి. ఆ వేళ్ళతో మాత్రని పట్టుకుని, బొటనవేలి గోరు మధ్య గీత మీద ఆనించి, టిక్కుమని విరిచేది. చిన్న చప్పుడు, చీమ అడుగు జారినట్టు. ఎంత సరిగ్గా విరిగేదంటే రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే తూకం వేసినట్టుండేది. ఒక ముక్క ఆయన అరచేతిలో, రెండోది తిరిగి కాగితంలో. సగం చాలు, నిండుది వేసుకుంటే మత్తుగా ఉంటుంది మీకు, మత్తులో రంగు తప్పితే పైవాళ్ళు ఊరుకుంటారా అనేది. అద్దకం మిల్లులో ఆయన పని రంగు సరిచూడటం. కొనేవాళ్ళు పంపిన గుడ్డముక్క ఒకటి, తొట్టిలోంచి వచ్చిన తాను అంచు ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి ఒకటేనా కాదా చెప్పాలి. కళ్ళు చూసేది రంగుని, ముక్కు పీల్చేది నూలు ధూళిని, రంగుపొడిని. ధూళికి తుమ్ములు. వరసగా తుమ్మితే కళ్ళు నీళ్ళు కారతాయి, నీళ్ళ కళ్ళతో ఏ ఎరుపైనా ఒకే ఎరుపు. అందుకే ఆ సగం మాత్ర. పెళ్ళైన కొత్తల్లోనే మందుల షాపతను ఇచ్చాడు, తుమ్ములకి దివ్యంగా పనిచేస్తుందని. పనిచేసేది కూడా. తుమ్ములు కట్టేవి. సాయంత్రానికి దద్దుర్లు లేచేవి.

సాయంత్రానికి దద్దుర్లు లేచేవి. పగలు మాత్ర, సాయంత్రం దద్దుర్లు, ఈ రెండు వాక్యాలూ ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరూ చదవలేదు. దద్దుర్లు లేవగానే ఆమె అడిగే మొదటి మాట, ఏం తిన్నారు? మధ్యాహ్నం ఏం తిన్నారు, క్యాంటీనులో ఏం తిన్నారు, ఎవరైనా ఏమైనా పెట్టారా. ఆయన గుర్తుచేసుకునేవాడు. మనిషి రోజూ ఏదో ఒకటి తింటాడు కదా, కాబట్టి ఏదో ఒక దోషి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అది తేల్చుకున్నాక ఆమె ఆ రెండో సగం కూడా తెచ్చి ఇచ్చేది, ఇదిగో, దద్దుర్లకి కూడా ఇదే మందు, వేసుకుని పడుకోండి. రాత్రంతా ఒళ్ళు మండేది. ఆమె తడిగుడ్డ పెట్టేది, ఊదేది, గోక్కోవద్దని రెండు చేతులూ పట్టుకుని కూర్చునేది. తెల్లవారేసరికి ఒక్కటి ఉండేది కాదు. చూశారా, మాత్ర పనిచేసింది అనేది, కళ్ళు ఎర్రగా ఉన్నా మొహం వెలిగిపోతూ. అవును, పనిచేసింది అనేవాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఆమె డిగ్రీలో లెక్కలు, ఆయన రసాయనశాస్త్రం.

రంగులగదిలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం అదే చెప్పేవాడు ఆయన. ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు గుడ్డలు కిటికీ దగ్గరికి పట్టుకెళ్తే వేరువేరుగా తేలిపోతాయి. ఏ రంగునీ ఒక దీపం కింద చూసి నమ్మకండి. దీపం మార్చండి. ఎన్నిసార్లు చెప్పాడో. ఇంటికి వెళ్ళి మాత్రం ఒకే దీపం కింద కూర్చుని, ఆమె అడిగిన ఒకే ప్రశ్నకి జవాబు వెతికేవాడు.

ఎడమ ముంజేయి మీద ఏదో కదిలినట్టయింది. వంగి చూశాడు. వెంట్రుక. ఫ్యాను గాలికి లేచి పడుతోంది. ఈ కుర్చీలో ఎవరో దిండు పెట్టారు, నడుము కింద, పాతదే, గలీబు ఉతికి ఉంది, మధ్యలో గుంట ఎంతోమంది నడుముల గుర్తు. ఎంతమంది ఇలా తమ చేతుల్ని తాము కాపలా కాశారో. తలుపు బార్లా తీసి ఉంది. మూయకూడదట, గదిలో ఎవరికైనా ఏమైనా అయితే వెంటనే లోపలికి రావాలని. తన ఇంటి తలుపు కూడా ఇంతే. మార్చి నించి రాత్రిళ్ళు గడియ లేదు. దగ్గరగా వేసి, గాలికి కొట్టుకోకుండా కింద పాత చెప్పు ఒకటి అడ్డం పెట్టి పడుకుంటున్నాడు. పడుకోవడమంటే కళ్ళు మూసుకుని మెట్ల మీద ఎవరి అడుగులో లెక్కగట్టడం. పిల్లి ఒకసారి వచ్చింది, పాలగిన్నె నాకి పోయింది. దొంగ వస్తే తీసుకెళ్ళడానికి ఏముంది, రేడియో, రెండు మంచి చొక్కాలు. దొంగ భయం కాదు. గడియ వేసుకుంటే ఎవరూ లోపలికి రాలేరు, అదీ భయం.

ఆమె ఉన్నప్పుడు ఈ భయం ఎరగడు. ఆమె ఉన్నప్పుడు ఇంట్లోంచి ఒక్కొక్కటీ వెళ్ళిపోయేవి, అదొక్కటే ఎరుగును. మొదట గుడ్లు. ఆ వారం గుడ్లు తిన్నాక వచ్చాయి కాబట్టి గుడ్లు. తర్వాత వంకాయలు, వాటి మీద అనుమానం ఎవరికైనా ఉండేదే. టమాటాలు కొన్నాళ్ళు పోయి మళ్ళీ వచ్చాయి. వాటికి బెయిలు దొరికిందని ఆమె నవ్వేది. చేపలు. నువ్వులు. ఆఖరికి వేరుశనగలు. ఆ రోజు క్యాంటీనులో గుప్పెడు వేయించిన వేరుశనగలు తిన్నానని ఆయన చెప్పాడు. నిజమే, తిన్నాడు. తుమ్ములకి సగం మాత్ర కూడా వేసుకున్నాడు, అది చెప్పలేదు, అది తిన్నది కాదు కదా. ఆ రాత్రంతా ఆమె తడిగుడ్డలు మారుస్తూనే ఉంది. పొద్దున్నే వంటింట్లో సీసా ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. అవి ఆమెకి ప్రాణం. ఏ పని చేస్తున్నా కొంగలా ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం పిక్కకి ఆనించి, ఒక్కో గింజా నలిపి పొట్టు ఊదుతూ తినేది. నువ్వు తిను, నాకు పెట్టకు అంతే కదా అన్నాడు ఆయన. ఇంట్లో ఉంటే పొడి గాల్లో ఉంటుంది, ముక్కులోకి పోతుంది, ఎందుకొచ్చిన గొడవ అంది. మీకంటే నాకవి ఎక్కువా అని అనలేదు. అలాంటి మాటలు ఆమెకి రావు. సీసాలో చింపిరి దారాలు, బొత్తాలు వేసుకుంది.

వదిన, అంటే ఆమె అక్క, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. భోజనానికి పిలిచి వాకిట్లోనే అందుకునేది. రండి మరిదిగారూ, మీకోసం ఇవాళ నీళ్ళు వండాను, అవైనా మీ ఒంటికి పడతాయో లేదో అనేది. ఈయనకి గుడ్డు పడదు, చేప పడదు, గింజ పడదు, మా చెల్లెలు ఒక్కతే ఎలా పడిందో అని అందరి ముందూ ఆశ్చర్యపోయేది. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వుతూనే ఆయన కంచంలో ఉన్నదాన్ని వేలితో కెలికి చూసి, ఇది తినొచ్చు అన్నట్టు కళ్ళతో చెప్పేది. ఆ చూపు కోసమైనా దద్దుర్లు ఉండటం బాగుండేది. ఒకళ్ళు మన కంచం వంక అంత జాగ్రత్తగా చూడటం. ఇప్పుడు కంచంలో ఏమున్నా ఎవరికీ పట్టదు.

ఎంతయింది? గడియారంలో పెద్దముల్లు కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెట్టింది. సిస్టరు వచ్చి రెండు చేతులూ చూసింది, మెడ చూసింది, నాలుక చాపమంది. అంతా శుభ్రంగా ఉందంది. ఆయన మొహంలో ఏం కనపడిందో, స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఏంటి బాబాయిగారూ, పరీక్ష తప్పినవాళ్ళలా ఉన్నారు? దద్దుర్లు రాలేదని ఇంత దిగులుపడే మనిషిని నేను చూడలేదు.”

“రాలేదని కాదమ్మా. వస్తాయేమోనని.”

“వస్తే నయమే కదా. దొంగ దొరికినట్టు.”

ఆయన నవ్వాడు. దొంగ దొరికితే నయమే. ఆ దొంగకి రోజూ తలుపు తీసిందెవరో అడగకపోతే ఇంకా నయం. పైకి అనలేదు. ఆమె తన వాచీ పట్టీ సర్దుకుని, మా ఆయనకి కూడా ఇలాగే ఏదో పడదండీ, ఏది పడదా అంటే మా అమ్మ, అని తనే పకపకా నవ్వి లేచి వెళ్ళింది. ఆ నవ్వు వరండా చివరిదాకా వినబడింది. తలుపు తెరిచి ఉండటం వల్ల ఒక లాభం.

భార్య పోయాక దద్దుర్లు రాలేదు. ఊపిరితిత్తుల జ్వరం, ఆసుపత్రి, ఆక్సిజను, ఒక సాయంత్రం. ఆ తర్వాత ఏడాది దాటి ఒక్క దద్దురు లేవలేదు. క్యాంటీనులో ఏం పెడితే అది తిన్నాడు, చూసుకోకుండా తిన్నాడు, ఆకలి వేసి కాదు, పళ్ళెం ఎదురుగా ఉండి. అందులో గుడ్లు ఉండి ఉండాలి, వేరుశనగలు తప్పకుండా ఉండి ఉండాలి. తుమ్ములొస్తే తుమ్మాడు. మాత్ర విరిచి ఇచ్చేవాళ్ళు లేరు, తనంతట తనకి గుర్తురాదు. దద్దుర్లు ఎందుకు రావడం లేదని ఎప్పుడైనా అనిపిస్తే, ఆమె తీసుకుపోయింది అనుకునేవాడు. వెళ్తూ వెళ్తూ తనతో పాటు మూటగట్టుకుపోయింది. ఇంత చదువు చదివి అలా అనుకున్నాడు, అనుకుంటే ఊరటగా ఉండేది.

మరి మార్చి పదకొండు. ఆదివారం కాదు, సెలవు పెట్టాడు, జలుబు, తల పగిలిపోతోంది, ముక్కు కుళాయిలా ఉంది. వంట చేసుకునే ఓపిక లేక రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. వంటింట్లో కిటికీ పక్క పింగాణీ కప్పులో ఆమె దాచిన మాత్రల అట్ట అలాగే ఉంది. కొన్ని గదులు నొక్కేసి, కొన్ని ఉబ్బెత్తుగా. గడువు ఇంకా ఉంది, ఆమె పోవడానికి ముందే కొన్నది, మనిషి వెళ్ళిపోయినా మందుకి గడువుంది. ఒకటి నొక్కి తీశాడు. గీత మీద గోరు ఆనించాడు. విరగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే జారి గట్టు మీద పడింది. చాకు పెడదామనుకుని, ఎందుకులే, ఇవాళ మిల్లుకి వెళ్ళే పని లేదు, రంగులు తప్పితే తప్పనీ అని నిండు మాత్ర మింగేశాడు. ఆమె లేకుండా ఆ ఇంట్లో ఆయన వేసుకున్న మొదటి మాత్ర అది. దీపాలు పెట్టేవేళకి అరచేతులు మండాయి, చెవులు మండాయి, అద్దంలో చూస్తే కనురెప్పలు ఉబ్బి కళ్ళు రెండు గీతలు, పెదవులు ఎవరివో. పలకరిద్దామంటే పలకరించడానికి ఎవరున్నారు, అయినా నోరు తెరిచి, ఆమె ఇంట్లోనే ఉన్నట్టు, ఏవమ్మా అన్నాడు, గొంతు బొంగురుగా, లోపల దూది కుక్కినట్టు. అప్పుడు పట్టుకుంది భయం. లేచి గోడ పట్టుకుని వెళ్ళి తలుపు గడియ తీశాడు. అదొక్కటే తట్టింది. ఆ గడియ తీసి, గడప మీద కూర్చుని, మెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎదురింట్లో ఉండే టైలరమ్మ అప్పుడే షాపు కట్టేసి వస్తోంది, మెడలో టేపు వేలాడుతూనే ఉంది. మెట్ల దీపం వెలుగులో ఆయన మొహం చూసి చేతిలో సంచి కింద పడేసింది. అన్నయ్యగారూ అని ఒక్క మాట, తర్వాత ఇంకేమీ అడగలేదు, ఆటో పిలిచింది, పక్కన కూర్చుంది, ఆసుపత్రిలో ఎక్కించిన మందు అయిపోయేదాకా బల్ల మీద కూర్చుని ఎవరివో బొత్తాలు కుట్టింది. ఆ తర్వాత రోజూ షాపు నించి వచ్చేటప్పుడు ఒకసారి ఆగి, దగ్గరగా వేసిన తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొడుతుంది. ఆయన లోపల్నించి ఊఁ అంటాడు. ఆమె వెళ్ళిపోతుంది. అంతే వాళ్ళ మధ్య మాటలు. ఒక కొట్టుడు, ఒక ఊఁ. ఆ ఊఁ కోసం ఆయన రోజంతా గొంతు దాచుకుంటున్నట్టు ఉండేది.

ఆసుపత్రివాళ్ళే ఈ చిన్న డాక్టరమ్మ దగ్గరికి పంపారు. జుట్టు రబ్బరు బ్యాండుతో బిగించి కట్టుకుని, కాలేజీ పిల్లలా ఉంది, మాట మాత్రం తొందర లేకుండా. ఏం తిన్నారు అంది. మార్చి పదకొండు, రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. అవి రోజూ తింటారా? రోజూ తింటాను. మందులేమైనా వేసుకున్నారా? మందులేమీ లేవండీ, ఒట్టి అలర్జీ మాత్ర. ఆమె కలం ఆగింది. దద్దుర్లు వచ్చాక వేసుకున్నారా, రాకముందా? జలుబుకి వేసుకున్నానండీ, మధ్యాహ్నం. అప్పటికి ఒంటి మీద ఏమైనా ఉందా? లేదు. దీపం మార్చండి అని తను చెప్పే మాట ఎవరో కిటికీ తెరుస్తూ చెవిలో అన్నట్టయింది. చాలా అరుదండీ, కానీ ఉంటుంది, ఏ మందు అలర్జీని ఆపాలో అదే కొందరికి అలర్జీ తెస్తుంది, ఊహించి చెప్పకూడదు, పెట్టి చూడాలి, ఇక్కడే, నా కళ్ళ ముందు అంది. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాడు. ఆలోచించడానికి ఏముంది. కానీ ఆలోచించాడు, తలుపు కింద చెప్పు పెట్టుకుని ఎన్నో రాత్రిళ్ళు. ఆ మాత్ర మానేస్తే సరిపోతుంది కదా, పరీక్ష ఎందుకు, పోయిన మనిషిని బోనెక్కించడం ఎందుకు. మానేస్తే సరిపోతుందో లేదో తెలియకపోతే గడియ ఎలా పెట్టుకోను. ఇలా ఆ గడియ దగ్గరికే వచ్చి ఆగిపోయేది ఆలోచన.

కుడి మోచేతి మడతలో.

వెంట్రుక కాదు. ఫ్యాను గాలి కాదు. లోపల్నించి, చర్మం కింద ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు. చూశాడు. ఏమీ లేదు. చూస్తూ ఉన్నాడు. తెల్లగా, కందిగింజంత, చుట్టూ లేత గులాబీ. తొట్టిలో మొదటిసారి ముంచి తీసిన నూలుకి వచ్చే రంగు, ఇంకా తాను ఏ ఎరుపో తేల్చుకోని ఎరుపు. ఇది తెలుసు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చూశాడు దీన్ని, ఆమె తడిగుడ్డ ఎత్తినప్పుడల్లా. దాని పక్కనే ఇంకొకటి. రెండూ నెమ్మదిగా ఒకదాని వైపు ఒకటి పాకి, అంచులు కలుపుకుని, కనకాంబరం రంగు తేలాయి. గోక్కోలేదు. చేతులు పట్టుకునేవాళ్ళు లేకపోయినా గోక్కోలేదు. పిలవాలి, సిస్టరుని పిలవాలి, తలుపు తెరిచే ఉంది. ఇంకొక్క క్షణం. ఈ ఒక్క క్షణం ఇంకా ఎవరికీ తెలియదు, ఇంకా ఆమె చేతిలో మాత్ర మంచి మాత్రే, ఇంకా ఆమె మొహం ఆ తెల్లవారుజామున వెలుగుతూనే ఉంది. ఆ క్షణం గడిచాక, సిస్టర్ అని పిలిచాడు. మెల్లగా అన్నాడు. అయినా వినబడింది.

ఆ పైన అంతా చకచకా. సిస్టరు వచ్చి చూసి, నవ్వకుండా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. చిన్న డాక్టరమ్మ వచ్చి గొంతులోకి లైటు వేసింది, ఛాతీ విన్నది, పెదవులు చూసింది. కుడి చెయ్యి మీద నాలుగు, ఎడమ చెయ్యి మీద రెండు, అక్కడితో ఆగాయి. ఇంజెక్షను అవసరం రాలేదు. ఇంకో జాతి మందు ఏదో తాగడానికి ఇచ్చారు, ఇది పడుతుందని మార్చిలో ఆసుపత్రిలోనే తెలిసిందిగా అని నచ్చజెప్పి. సాయంత్రం దాకా అక్కడే ఉంచారు. దద్దుర్లు గులాబీ నించి ఇటుక రంగుకి, ఇటుక నించి ఒంటి రంగుకి దిగిపోయేదాకా. వెళ్ళేముందు డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. ఈ మాత్ర, దీని కుటుంబానికి చెందినవి ఇక జన్మలో వద్దు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదట ఇదే చెప్పండి అంది. తిండి ఏదైనా తినొచ్చు, మీరు చెప్పిన వాటిలో ఒక్కదానికీ దోషం లేదనుకుంటాను, అయినా ఒక్కొక్కటీ ఇక్కడే చిన్నగా రుచి చూపించి వదిలేద్దాం, ఇప్పటికే క్యాంటీనులో తినేస్తున్నారుగా అని నవ్వింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“ఇవాళ ఆ గొట్టంలో పెట్టి మీకిచ్చింది సగం మాత్రే. దానికి ఈ కాసిని వచ్చాయి. ఆ రోజు నిండుది వేసుకున్నారు కాబట్టి మొహం అంతా వాచింది. ఇన్నేళ్ళూ పగలు సగం, రాత్రి సగం అన్నారు కదా, అదే మిమ్మల్ని కాసింది. అలా సగం వేసుకోమని ఎవరు చెప్పారు?”

ఆయన చొక్కా చేతులు దింపుకుంటున్నాడు. బొత్తం కన్నం దొరకలేదు.

“మా ఆవిడండీ.”

“డాక్టరా?”

“కాదు. నాకు మత్తు వస్తుందని.”

సిస్టరు వంగి ఆ బొత్తం పెట్టింది, చంటిపిల్లవాడికి పెట్టినట్టు.

బస్సెక్కలేదు, నడిచాడు. సాయంకాలపు ఎండ ఇళ్ళ పైఅంచుల్ని మాత్రమే పట్టుకుని ఉంది. సగం. టిక్కుమన్న ఆ చప్పుడు. ఇచ్చిన చెయ్యీ అదే, ఆపిన చెయ్యీ అదే, ఒక చేతిని రెండు చేతులుగా విరవడం తనవల్ల కాదు, ఆ గోరు తనకి లేదు. నిండు మాత్ర ఇచ్చి ఉంటే మొదటి ఏడాదే మొహం వాచేది, మొదటి ఏడాదే తెలిసిపోయేది, గుడ్లు పోయేవి కావు, వంకాయలు పోయేవి కావు. లేదా అప్పుడే గొంతు పూడుకుపోయేది. ఏదైనా అయ్యేది. కాలేదు. తెలియకపోవడం, బతికి ఉండటం, రెండూ ఆమె గోటి కిందే జరిగాయి. ఇది దయా, పొరపాటా అని అడిగితే ఏ దీపం కింద పెట్టి చూసి చెప్పాలి.

మలుపులో గింజలు వేయించే కొట్టు. ఇసుకలో గరిట తిరుగుతున్న చప్పుడు, ఆ వాసన. ఆగాడు. ఒక సంగతి ఉంది, ఎవరికీ చెప్పనిది, చెప్పడానికి సంగతి కూడా కాదు. ఆమె కూరలు తెచ్చే చేతిసంచి ఒకసారి దులుపుతుంటే అడుగున పలచటి ఎర్రపొట్టు రాలింది. వేరుశనగ పొట్టు. సంచి మళ్ళీ అలాగే మడిచి కొక్కేనికి తగిలించాడు. ఆ తర్వాత గమనిస్తే, మార్కెట్టు నించి వచ్చే రోజుల్లో ఆమె రావడం కాస్త ఆలస్యమయ్యేది, వచ్చీ రాగానే చేతులు సబ్బుతో కడుక్కునేది, నోరు పుక్కిలించేది. ఈ కొట్టు దగ్గరే అయి ఉండాలి, ఈ రేకుల నీడలోనే, ఒంటికాలి మీద కొంగలా, పొట్టు అవతలికి ఊదుతూ. పోనీలే, మానలేదు, తింటోంది అని ఆయనకి లోలోపల ఎంత హాయిగా ఉండేదో. ఇన్నాళ్ళూ ఆ హాయి హాయిగానే ఉంది. ఇప్పుడు కొట్టు ముందు నిలబడితే, దానికి ఇంకో వైపు ఉన్నట్టు తెలిసింది. ఒక్కతే తింది. ఇంట్లో బల్లకి అటూ ఇటూ కూర్చుని, పొట్టు ఒకళ్ళ వైపు ఒకళ్ళు ఊదుకుంటూ తినగలిగినవి, ఆ రేకుల కింద నిలబడి, ఎవరైనా చూస్తారేమోనని వీధి వంక చూస్తూ, ఒక్కతే తింది. ఆయన ఒక పొట్లం కట్టమన్నాడు. కొట్టతను వేడిగా ఉన్నాయి జాగ్రత్త అని పొట్లం కింద ఇంకో కాగితం మడిచి పెట్టి ఇచ్చాడు.

ఇంట్లో దీపం వేసి, బొత్తాల సీసా కిందికి దించి, బొత్తాలూ దారాలూ ఒక గిన్నెలోకి ఒంపాడు. సీసా కడిగి, తుడిచి, అందులో గింజలు పోశాడు. డాక్టరమ్మ దగ్గర రుచి చూసేదాకా ఆగాలి, ఆగుతాడు. మూత పెట్టబోయి, వాసన ఇల్లంతా పట్టనీ అని కాసేపు తీసే ఉంచాడు. మెట్ల మీద అడుగులు, ఆగాయి, తలుపు మీద వేళ్ళు. ఊఁ అనలేదు ఈసారి. వెళ్ళి తలుపు తీశాడు. టైలరమ్మ ఉలిక్కిపడింది, మెడలో టేపు పట్టుకుంది.

“ఏమైంది అన్నయ్యగారూ, బాగానే ఉన్నారా?”

“బాగానే ఉన్నానమ్మా. అది మాత్రేనట. తిండి కాదు. ఇవాళ్టి నించి గడియ వేసుకుంటాను.”

ఆమె ఆయన మొహం కాసేపు చూసి, మంచి మాట చెప్పారు అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “రేపు కూడా కొడతాను లెండి. అలవాటైపోయింది.”

సరే అన్నాడు. ఆమె తన గుమ్మంలోకి వెళ్ళేదాకా నిలబడ్డాడు. వంగి, తలుపు కింద చెప్పు తీసి, దాని జత పక్కన పెట్టాడు. ఈ గడియ ఇన్నాళ్ళూ తీసి ఉండి కాస్త బిగుసుకుంది, గట్టిగా తోస్తే కిర్రుమంటుంది. పక్కవాళ్ళు పడుకుంటారని భార్య ఎప్పుడూ రెండో చేత్తో తలుపుని కొంచెం పైకెత్తి పట్టుకునేది. అలాగే ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా, గడియ వేశాడు.